టర్నర్ ‘బానిస నౌక’ చిత్రం: తుపాను, తరుగు, రసవిఘ్నం – ఆర్మూరు నేపథ్యం నుండి ఒక విమర్శనాత్మక పఠనం

వ్యాససంగ్రహం

ఆంగ్ల చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యు. టర్నర్ 1840లో ప్రదర్శించిన ‘బానిస నౌక’ చిత్రం కాల్పనికవాద సముద్రచిత్రాలలో ప్రసిద్ధమైనది. తుపానులో చిక్కిన ఓడ, అస్తమిస్తున్న సూర్యుడు, నీళ్లలో మునుగుతున్న మనుషులు ఇందులోని వస్తువు. ఈ చిత్రం కలిగించే సౌందర్యానుభూతికీ, అందులోని దారుణానికీ మధ్య ఉన్న వైరుధ్యం విమర్శకులను ఇప్పటికీ వెంటాడుతోంది. సముద్రానికి దూరంగా ఉండి, పసుపు వ్యాపారంతో జీవించే నిజామాబాద్ జిల్లా ఆర్మూరు వంటి పట్టణపు అనుభవాన్ని ఆధారం చేసుకుని ఈ చిత్రాన్ని చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. చిత్ర శీర్షికలోని ‘తుపాను’ పదం, సరుకుల లెక్కలోని ‘తరుగు’ భావన, పసుపు-ఎరుపు వర్ణాల సాంస్కృతికార్థం, అభినవగుప్తుని రసవిఘ్న చర్చ అనే నాలుగు మార్గాలలో పరిశీలన సాగుతుంది. చిత్రంలో కరుణరసం నిలదొక్కుకోకపోవడానికి కారణాలను నిర్ధారించి, తరగతి గదిలో ఈ చిత్రాన్ని బోధించవలసిన క్రమాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: టర్నర్, బానిస నౌక, కాల్పనికవాదం, ఉదాత్తత, తుపాను, తరుగు, పసుపు, రసవిఘ్నాలు, కోరంగి, ఆర్మూరు.

1. ప్రవేశిక

పాశ్చాత్య చిత్రకళను తెలుగులో పరిచయం చేసే వ్యాసాలు సాధారణంగా చిత్రకారుని జీవితం, వాదం, శైలి అనే వరుసలో నడుస్తాయి. ఆ చిత్రాన్ని చూసే తెలుగు పాఠకుడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్న ప్రశ్న చాలావరకు వాటిలో కనిపించదు. చూపుకు కూడా ఒక ఊరు ఉంటుంది. కాకినాడ తీరంలో ఉప్పెన తెలిసినవాడు చూసే సముద్రచిత్రం, గోదావరి తప్ప పెద్ద నీరు చూడనివాడు చూసే సముద్రచిత్రం ఒకటి కావు.

ఆర్మూరు లోతట్టు పట్టణం. ఉత్తర దక్షిణాలుగా పోయే 44వ జాతీయ రహదారి, నిజామాబాద్ నుండి జగిత్యాల వైపు సాగే 63వ జాతీయ రహదారి ఇక్కడ కలుస్తాయి. నవనాథ సిద్ధుల గుట్ట రాళ్లు, పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ జలాశయం, పసుపు చేలు ఈ ప్రాంతపు దృశ్యపరిధి. ఇక్కడి రైతు తవ్విన పసుపును ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరుస్తాడు. కొమ్ముకు ఒక ధర, మండకు ఒక ధర. కాంటా, బస్తా, తేమ, తరుగు, కమీషన్ అనే మాటలు ఇక్కడి నిత్యభాష. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025లో నిజామాబాద్‌లో ఏర్పాటు కావడం ఈ సరుకుకు ఉన్న స్థానాన్ని తెలుపుతుంది.

సముద్రం తెలియకపోవడం సముద్రచిత్రాన్ని చదవడానికి లోపమని అనిపించవచ్చు. అయితే టర్నర్ ‘బానిస నౌక’ సముద్రం గురించి ఎంత చెబుతుందో సరుకు గురించి అంత చెబుతుంది. ఓడ ఏమి మోస్తోందో, మోస్తున్నదాన్ని ఎందుకు పారవేస్తోందో అర్థం చేసుకోవడానికి సరుకుల విపణి తెలిసిన కన్ను అవసరం. ఆ విధంగా ఆర్మూరు ఈ చిత్రానికి దూరమైన ఊరు కాదు.

2. చిత్రం – చరిత్ర

టర్నర్ (1775–1851) ఈ తైలవర్ణచిత్రాన్ని 1840లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో ఉంచాడు. కాన్వాసు కొలత 90.8 × 122.6 సెంటీమీటర్లు. ప్రస్తుతం బోస్టన్ లలితకళా మ్యూజియంలో ఉంది. ‘బానిస నౌక’ అన్నది వాడుకలోని పేరు. టర్నర్ పెట్టిన పేరు చాలా పొడవైనది. చనిపోయినవారినీ చనిపోతున్నవారినీ బానిస వ్యాపారులు ఓడ మీది నుండి విసిరివేస్తున్నారనీ, తుపాను ముంచుకొస్తోందనీ ఆ పేరు చెబుతుంది.

చిత్రం మధ్యలో అస్తమిస్తున్న సూర్యుడు, దాని కింద సముద్రాన్ని రెండుగా చీల్చే నిలువు కాంతిపట్టీ ఉంటాయి. ఎడమవైపు మధ్యదూరంలో మూడు స్తంభాల ఓడ, తెరచాపలు దించుకుని, ఎర్రని కాంతి మధ్య సన్నని ఆకారంగా నిలిచి ఉంటుంది. ఎడమ అంచున చల్లని నీలం, తెల్లని నురుగు ముంచుకొస్తున్న గాలిని సూచిస్తాయి. కుడివైపు కింది మూలలో సంకెల తగిలించిన ఒక కాలు నీటిపైకి తలకిందులుగా లేచి ఉంటుంది. దాని చుట్టూ చేపలు, పక్షులు మూగి ఉంటాయి. అలల మీద చేతులు, గొలుసులు కనిపిస్తాయి. ముఖం మాత్రం ఒక్కటీ స్పష్టంగా కనిపించదు.

ఈ చిత్రానికి 1781 నాటి ‘జోంగ్’ ఓడ ఘటన ప్రేరణ అని పండితులు సాధారణంగా భావిస్తారు. డచ్చి భాషలో ‘శ్రద్ధ’ అని అర్థమిచ్చే ‘జోర్గ్’ అన్న పేరే ‘జోంగ్’గా మారింది. లివర్‌పూల్ వర్తకుల సంఘానికి చెందిన ఈ ఓడ 442 మంది ఆఫ్రికన్లతో అట్లాంటిక్ దాటుతూ జమైకా దారి తప్పింది. నీరు సరిపోదన్న కారణం చూపి, 1781 నవంబరు 29 నుండి కొన్ని విడతలుగా 130 మందికి పైగా మనుషులను సముద్రంలోకి తోసివేశారు. తరువాత యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున బీమా సొమ్ము కోరారు. 1783లో జ్యూరీ యజమానుల పక్షాన తీర్పు చెప్పింది. అప్పీలు విచారణలో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ మళ్లీ విచారణ జరపవచ్చని నిర్ణయించాడు. హత్యానేరం కింద ఎవరినీ విచారించలేదు. ఈ దారుణాన్ని గ్రాన్‌విల్ షార్ప్ దృష్టికి తెచ్చినవాడు ఒకప్పటి బానిస ఒలౌదా ఎక్వియానో.

చిత్రకాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని, 1833 చట్టం ద్వారా తన వలసలలో బానిసత్వాన్ని రద్దు చేసింది. నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు యజమానులకు ఇచ్చింది. బానిసలుగా బ్రతికినవారికి ఏమీ ఇవ్వలేదు. 1840లో లండన్‌లో ప్రపంచ బానిసత్వ వ్యతిరేక సమావేశం జరిగింది. కాబట్టి ఈ చిత్రం, బ్రిటన్ తనను తాను విముక్తిదాతగా భావించుకుంటున్న సమయంలో, ఆ దేశపు పాత లెక్కల పుస్తకాన్ని తెరిచింది.

3. శీర్షికలోని తుపాను

‘జోంగ్’ ఘటనలో తుపాను లేదు. నీటి కొరత అన్న వాదనే ఉంది. పైగా మనుషులను తోసివేస్తున్న రోజుల్లోనే వాన కురిసిందని విచారణలో బయటపడింది. ఆ వానే యజమానుల వాదనను బలహీనపరిచింది. చరిత్రలో లేని తుపానును టర్నర్ చిత్రంలోకి తెచ్చాడు. ఈ మార్పు విమర్శకు కీలకం.

అంతకంటే ఆసక్తికరమైనది ఆ తుపానుకు టర్నర్ వాడిన పేరు. అట్లాంటిక్ గాలివానకు ఆంగ్లంలో ఉన్న మాట ‘హరికేన్’. టర్నర్ ఆ మాటను వదిలి ‘టైఫన్’ అన్నాడు. అది తూర్పు సముద్రాల గాలివానకు చెల్లే మాట. గ్రీకు పురాణంలోని టైఫన్ అనే భూతం, అరబ్బీ ‘తూఫాన్’, పోర్చుగీసు నావికుల ఉచ్చారణ, చైనా భాషల పెనుగాలి అన్నీ కలిసి ఆ మాట రూపుదిద్దుకుంది. తెలుగులోని ‘తుపాను’, ‘తుఫాను’ కూడా అరబ్బీ-పారసీ మార్గంలో వచ్చినవే. అంటే చిత్ర శీర్షికలోని ఒక మాట తెలుగు పాఠకునికి అనువాదం లేకుండానే అందుతుంది. గాలివాన, ఉప్పెన వంటి దేశ్య పదాలు మనకున్నా, ‘తుపాను’ అన్నది హిందూ మహాసముద్ర వర్తకం, నావికుల భాష తెచ్చి ఇచ్చిన మాట.

కాలం కూడా ఇక్కడ కలుస్తుంది. 1839 నవంబరులో గోదావరి ముఖద్వారం వద్ద కోరంగి రేవును ఘోరమైన తుపాను తాకింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ దాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేశాడు. అటువంటి అధ్యయనాల నుండే ‘సైక్లోన్’ అనే శాస్త్రీయ పదాన్ని ఆయన తరువాత రూపొందించాడు. కోరంగి తుపానుకూ టర్నర్ చిత్రానికీ కార్యకారణ సంబంధం ఉందని చెప్పడానికి ఆధారం లేదు. అయితే ఒకే కాలంలో తూర్పు సముద్రపు గాలి ఒకచోట శాస్త్రానికి, మరొకచోట చిత్రానికి విషయం కావడం గమనించదగినది. శాస్త్రం ఆ గాలికి నియమం వెదికింది. చిత్రం దానికి నైతికార్థం వెదికింది.

ఆ నైతికార్థం ఏమిటి? మొదటి పఠనంలో తుపాను తీర్పు. మనుషులను చంపిన ఓడ తానూ మునగబోతోంది. మానవ న్యాయస్థానం విధించని శిక్షను ప్రకృతి విధిస్తోంది. కాల్పనికవాద దృష్టికి ఇది అనుకూలమైన భావన. అయితే రెండవ పఠనం కూడా సాధ్యమే. తుపాను ఒక సాకు కావచ్చు. ఓడ ప్రమాదంలో ఉన్నప్పుడు బరువు తగ్గించుకోవడానికి సరుకును విసిరివేయడం సముద్ర న్యాయంలో అంగీకృతమైన పద్ధతి. తుపానును తెచ్చిపెట్టడం ద్వారా టర్నర్ తెలియకుండానే హంతకులకు, చరిత్రలో వారికి లేని ఒక సమర్థనను ఇచ్చాడా అన్న ప్రశ్న తప్పదు. శీర్షికే దీనికి కొంత సమాధానం ఇస్తుంది. తుపాను ఇంకా రాలేదు, వస్తోంది. విసిరివేత ముందే జరుగుతోంది. గాలికి ముందే నేరం పూర్తయిందని ఆ వరుస చెబుతుంది.

4. సరుకు – తరుగు

వ్యవసాయ మార్కెట్లో ‘తరుగు’ అనే మాటకు పదునైన అర్థం ఉంది. తేమ, మట్టి, నాణ్యత పేరుతో తూకంలో కోసే భాగమే తరుగు. ఆ కోత ఎవరి మీద పడాలన్నదే రైతుకూ కొనుగోలుదారుకూ మధ్య ఎప్పుడూ ఉండే తగవు. తరుగు అనేది సహజమైన నష్టంలా కనిపించినా, దాన్ని ఎవరు భరించాలో నిర్ణయించేది లెక్క రాసే చేయి.

‘జోంగ్’ వ్యవహారం మొత్తం ఈ ఒక్క మాటతో అర్థమవుతుంది. ఓడలోని ఆఫ్రికన్ వ్యాధితో మరణిస్తే అది సహజ మరణం, నష్టం యజమానిది. ఓడ రక్షణకోసం అతన్ని విసిరివేస్తే అది సరుకు నష్టం, భారం బీమాదారుది. కనుక చనిపోబోయే మనిషిని ముందుగానే తోసివేయడం వల్ల నష్టం ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మారుతుంది. శీర్షికలో టర్నర్ ‘చనిపోయినవారు’ అని ఆగకుండా ‘చనిపోతున్నవారు’ అని చేర్చడంలోని తీవ్రత ఇక్కడ తెలుస్తుంది. ఆ రెండు మాటల మధ్య ఉన్నది 30 పౌండ్ల తేడా.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పసుపు బస్తాకూ మనిషికీ పోలిక లేదు. మార్కెట్లో రైతు ఎదుర్కొనే అన్యాయాన్ని బానిస వ్యాపారంతో సమానం చేయడం రెండింటినీ అవమానించడమే అవుతుంది. పోలిక వస్తువుల మధ్య కాదు, లెక్క పద్ధతిలో ఉంది. సరుకుకు వర్తించే భాషను మనిషికి వర్తింపజేసినప్పుడు ఏమవుతుందో, ఆ భాష రోజూ వినేవారికి త్వరగా తెలుస్తుంది. కాంటా దగ్గర నిలబడ్డవారికి తరుగు ఒక అంకె కాదని తెలుసు. అందువల్ల లండన్ ప్రదర్శనశాలలోని ప్రేక్షకుడు కాంతిని చూసిన చోట ఆర్మూరు పాఠకుడు లెక్కను చూడగలడు.

చిత్రకారుడు కూడా ఆ లెక్కకు పూర్తిగా వెలుపల లేడు. 1805లో టర్నర్ జమైకాలో బానిసల శ్రమతో నడిచే పశువుల క్షేత్రానికి సంబంధించిన పథకంలో 100 పౌండ్లు పెట్టాడని పరిశోధకులు వెలికితీశారు. ముప్పై అయిదేళ్ల తరువాత ఆయన ఈ చిత్రం వేశాడు. దీన్ని పశ్చాత్తాపమని నిర్ధారించడానికి ఆయన మాట ఏదీ ఆధారంగా లేదు. కానీ ఈ సమాచారం తెలిసిన తరువాత చిత్రంలోని అపరాధం ఓడ మీద ఉన్నవారికి మాత్రమే పరిమితమని చదవడం కష్టం.

5. పసుపు – ఎరుపు

టర్నర్ పసుపు రంగు మీద చూపిన మక్కువను సమకాలికులు ఎగతాళి చేశారు. ‘బానిస నౌక’లో ఆ పసుపు సూర్యుని చుట్టూ తెలుపుగా వెలిగి, నారింజగా మారి, ఓడ దగ్గర నెత్తుటి ఎరుపు అవుతుంది. పాశ్చాత్య విమర్శ ఈ వర్ణక్రమాన్ని కాంతి సిద్ధాంతాలతో, రక్తంతో, దైవాగ్రహంతో వివరించింది.

తెలుగు ఇంట ఈ వర్ణక్రమం ప్రయోగపూర్వకంగా తెలిసినదే. పసుపులో సున్నం కలిపితే ఎర్రబారుతుంది. కుంకుమ తయారీకి, పారాణికి ఆధారం ఈ మార్పే. కాబట్టి తెలుగు సంస్కృతిలో పసుపు, ఎరుపు రెండు వేర్వేరు రంగులు కావు. ఒకే ద్రవ్యపు రెండు స్థితులు. ‘పసుపు కుంకుమలు’ అన్న జంటపదం శుభాన్ని, సౌభాగ్యాన్ని సూచిస్తుంది. గడప, పెళ్లిబట్టలు, అక్షతలు, దారపు ముడి అన్నీ ఆ రంగులోనే ఉంటాయి. అదే పసుపునీరు సున్నంతో ఎర్రనీళ్లయి దిష్టి తీయడానికి కూడా పనికివస్తుంది. అంటే శుభానికీ, అశుభ నివారణకూ మధ్య ఉన్నది చిటికెడు సున్నం.

ఈ అనుభవంతో చిత్రాన్ని చూసినప్పుడు మొదట కలిగేది ఆహ్లాదం. ఆకాశం పసుపు ఆరబోసిన కల్లంలా కనిపిస్తుంది. ఆ ఆహ్లాదం శుభసంకేతాల అలవాటు నుండి వస్తుంది. తరువాత కింది మూలలోని సంకెల కాలును చూసిన క్షణంలో ఆ సంకేతాలన్నీ తలకిందులవుతాయి. పసుపు కుంకుమగా మారిన చోట సౌభాగ్యం లేదు, నెత్తురు ఉంది. యూరోపియన్ ప్రేక్షకునికి ఈ చిత్రంలో సౌందర్యం, దారుణం మధ్య వైరుధ్యం కనిపిస్తుంది. తెలుగు ప్రేక్షకునికి దానికి తోడు మంగళద్రవ్యం అమంగళమైన భంగపాటు కలుగుతుంది. ఈ రెండవ భావం టర్నర్ ఉద్దేశించినది కాదు. కానీ పాఠకుని సంస్కారం నుండి పుట్టే అర్థం కూడా కృతి జీవితంలో భాగమే.

6. ఆదరణ: సూర్యుని చూసినవారు, కాలును చూసినవారు

1843లో వెలువడిన ‘మోడరన్ పెయింటర్స్’ మొదటి సంపుటంలో జాన్ రస్కిన్ ఈ చిత్రంలోని సముద్రాన్ని అసాధారణంగా ప్రశంసించాడు. టర్నర్ అమరత్వానికి ఒక్క చిత్రమే ఆధారం కావలసి వస్తే దీన్నే ఎంచుకుంటానన్న అర్థంలో రాశాడు. అయితే ఆ ఓడ బానిసలను విసిరివేస్తోందన్న విషయం ప్రధాన వర్ణనలో కాక అధోజ్ఞాపికలో చోటు చేసుకుంది. 1844లో ఈ చిత్రం రస్కిన్‌కు తండ్రి ఇచ్చిన బహుమతిగా దక్కింది. దానితో జీవించడం బాధాకరం కావడం వల్ల తరువాత వదులుకున్నాడని చెబుతారు. 1872లో అది అమెరికా చేరింది.

రస్కిన్ అధోజ్ఞాపికను పాల్ గిల్‌రాయ్ 1993లో ‘ది బ్లాక్ అట్లాంటిక్’ గ్రంథంలో చర్చకు తెచ్చాడు. మార్క్ ట్వేన్ 1880లో ఈ చిత్రం మీద హాస్యమాడుతూ, నీటిపై తేలే ఇనుప గొలుసులను ప్రత్యేకంగా ఎత్తిచూపాడు. గయానాలో భారతీయ ఒప్పంద కూలీల సంతతిలో జన్మించిన డేవిడ్ డేబిడీన్ 1994లో ‘టర్నర్’ అనే దీర్ఘకవితలో, చిత్రంలో మునిగిన ఆ మనిషికి గొంతు ఇచ్చాడు. ఈ మూడు స్పందనలలో మొదటిది సూర్యుని దగ్గర ఆగింది. రెండవది ఇనుము దగ్గర నవ్వింది. మూడవది కాలు ఎవరిదని అడిగింది. చిత్రాదరణ చరిత్ర అంతా ఈ మూడు చూపుల మధ్య కదలికే.

7. కరుణ ఎందుకు నిలవలేదు?

ఎడ్మండ్ బర్క్ 1757లో, భయం కలిగించేదాన్ని సురక్షితమైన దూరం నుండి చూసినప్పుడు కలిగే ఉల్లాసాన్ని ఉదాత్తతకు మూలంగా వివరించాడు. కాల్పనికవాద సముద్రచిత్రాలకు ఇది సైద్ధాంతిక భూమిక. ఈ ‘సురక్షిత దూరం’ అనే నియమమే ‘బానిస నౌక’ విషయంలో ఇబ్బంది కలిగిస్తుంది. అలను చూసి ఉల్లసించవచ్చు. ఆ అలలో మునిగే మనిషిని చూసి ఉల్లసించవచ్చునా?

భారతీయ రససిద్ధాంతం ఈ ప్రశ్నను మరింత సూక్ష్మంగా విడదీయగలదు. చిత్రంలో భయానకానికి తుపాను, అద్భుతానికి కాంతి, బీభత్సానికి మాంసానికి మూగిన చేపలు విభావాలుగా ఉన్నాయి. కరుణకు ఆలంబన మునిగిపోతున్న మనుషులు. అయితే కరుణ పరిపుష్టం కావాలంటే ఆలంబన స్ఫుటంగా ఉండాలి. ముఖం, పేరు, ఒక సంబంధం కావాలి. ఇక్కడ ఉన్నది ఒక కాలు, కొన్ని చేతులు. శోకం స్థిరపడటానికి ఆధారం చాలదు.

‘అభినవభారతి’లో అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాలలో రెండు ఇక్కడ వర్తిస్తాయి. మొదటిది సంభావనావిరహం, అంటే నమ్మశక్యం కాకపోవడం. ఇనుప గొలుసులు నీటిపై తేలడం ఇందుకు ఉదాహరణ. మార్క్ ట్వేన్ నవ్వుకు మూలం ఈ విఘ్నమే. రెండవది అప్రధానత. కరుణకు ఆలంబన కావలసినవారు చిత్రపు అంచుకు జరిగి, కేంద్రాన్ని సూర్యుడు ఆక్రమించాడు. రస్కిన్ అధోజ్ఞాపిక ఈ రెండవ విఘ్నానికి సాక్ష్యం. విమర్శకుని లోపమని భావించినదానికి చిత్ర నిర్మాణంలోనే బీజం ఉంది.

పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ కథతో పోలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో రెండవ బహుమతి పొందిన ఈ కథలో కూడా తుపాను ఉంది, బలైన నిరుపేద ఉంది. ఆ బిచ్చగత్తెకు మాట ఉంది, చొరవ ఉంది, చిన్న దొంగతనం ఉంది, వెచ్చదనం ఉంది. సిద్ధాంతాలు నమ్ముకున్న రావుగారితో పాటు పాఠకుడు కూడా ఆమెను ముందు మనిషిగా ఎరుగుతాడు. ఆ తరువాతనే ఆమె మరణాన్ని చూస్తాడు. అందువల్ల గాలివాన ఎంత భీకరమైనా కథ కరుణలో ముగుస్తుంది. టర్నర్ చిత్రంలో పరిచయానికి ముందే మరణం జరిగిపోయింది. కథ కాలంలో సాగుతుంది, చిత్రం ఒక్క క్షణాన్ని పట్టుకుంటుందన్న భేదం ఉన్నమాట నిజమే. కానీ జెరికో 1819 నాటి ‘మెడ్యూసా తెప్ప’లో ఒక్క క్షణంలోనే మనుషులకు దేహాలు, భంగిమలు, ఆశలు ఇచ్చాడు. కనుక ముఖాలు లేకపోవడం చిత్రకళ పరిమితి కాదు, టర్నర్ ఎంపిక.

ఆ ఎంపికను సమర్థించే వాదం ఒకటి ఉంది. ‘జోంగ్’ లెక్కలలో ఆ మనుషులకు పేర్లు లేవు, అంకెలుగానే మిగిలారు. చిత్రంలో ముఖాలు లేకపోవడం ఆ చెరిపివేతకు యథార్థరూపం అనవచ్చు. ప్రేక్షకుని కన్ను ముందు సూర్యుని వద్దకు పోయి, ఆలస్యంగా కాలు వద్దకు రావడం, సమాజపు చూపు ఎలా పనిచేస్తుందో బయటపెడుతుందని కూడా అనవచ్చు. ఈ వాదంలో బలం ఉంది. అయితే అది ఒక షరతు మీద ఆధారపడింది. కన్ను ఆలస్యంగానైనా కాలు వద్దకు రావాలి. రాకుండా సూర్యుని దగ్గరే ఆగే అవకాశాన్ని చిత్రం నివారించలేదు. రస్కిన్ అంతటి చూపరే వర్ణనలో అక్కడికి చేరలేదు.

8. కోరంగి నుండి గల్ఫ్ దాకా

తెలుగు సాహిత్యంలో తుపానులోని ఓడ చాలాకాలంగా ఒక రూపకం. భవసాగరం, జీవుడనే నావ, దరి చేర్చే దైవం అనే కల్పన భక్తి సాహిత్యమంతటా ఉంది. సాధారణీకరణం ద్వారా దేశకాలాలను తొలగించి ఓడను ఆత్మగా చదవడం మనకు అలవాటు. ‘బానిస నౌక’ను అలా చదివితే చరిత్ర మాయమవుతుంది. ఈ ఓడలో ఉన్నది జీవాత్మ కాదు, ధర కట్టిన శరీరాలు.

తెలుగువారికి ఓడ రూపకం మాత్రమే కాదన్నదానికి కోరంగి సాక్ష్యం. బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చినప్పుడు, 1830లలో కోరంగి రేవు నుండి తెలుగు శ్రామికులు మారిషస్‌కు ఓడలెక్కారు. తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచే అలవాటు మారిషస్‌లోనూ బర్మాలోనూ ఏర్పడింది. ఒప్పంద కూలీల దుస్థితి మీద వచ్చిన విమర్శ వల్ల 1839లో భారతదేశం నుండి ఈ వలసను నిలిపివేసి, 1842లో మారిషస్‌కు తిరిగి అనుమతించారు. టర్నర్ చిత్రం ప్రదర్శితమైన 1840, ఆ రెండు సంవత్సరాల నడుమ ఉంది. లండన్‌లో పాత ఓడను చూసి ప్రేక్షకులు చలించిన కాలంలోనే కొత్త ఓడలకు నియమావళి సిద్ధమవుతోంది. ఒప్పంద కూలీ బానిస కాడు. కాగితం మీద గడువు, కూలి, తిరుగు ప్రయాణం ఉన్నాయి. కానీ శ్రమను ఓడకెత్తి లెక్కించే పద్ధతిలో కొనసాగింపు ఉంది.

నిజామాబాద్ జిల్లాకు ఈ కొనసాగింపు పరాయిది కాదు. ఆర్మూరు పరిసర గ్రామాల నుండి దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు వలస సాగుతోంది. ఇప్పుడు ఓడ లేదు, విమానం ఉంది. సంకెల లేదు, ఒప్పందపత్రం, అప్పు ఉన్నాయి. ఇష్టపూర్వకంగా వెళ్లేవారిని బానిసలతో పోల్చడం తప్పు. అయినా పని చేయడానికి పోయిన మనిషి శవపేటికలో తిరిగివచ్చిన ఇల్లు ఉన్న ఊళ్లలో, ఎవరిదో తెలియని ఆ కాలు వేసే ప్రశ్న దూరపు ప్రశ్న కాదు. ‘ఎంతమంది’ అన్న లెక్కకు ముందు ‘ఎవరు’ అని అడగడం అక్కడి కుటుంబాలకు తెలిసిన అవసరం.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘బానిస నౌక’లోని తుపాను చారిత్రక వాస్తవం కాదు, చిత్రకారుని కల్పన. అది తీర్పుగానూ సాకుగానూ పనిచేయగలదు. విసిరివేతను ముందు, తుపానును తరువాత చెప్పిన శీర్షిక వరుస, తీర్పు పఠనానికి బలం చేకూరుస్తుంది.

2. చిత్రంలోని దారుణానికి మూలం సముద్రం కాదు, లెక్క. మార్కెట్ భాషలోని ‘తరుగు’ భావన ఆ లెక్కను తెలుగు పాఠకునికి సూటిగా అర్థం చేయిస్తుంది.

3. పసుపు-ఎరుపు వర్ణాలకు తెలుగు సంస్కృతిలో ఉన్న మంగళార్థం ఈ చిత్రంలో భంగమవుతుంది. పాశ్చాత్య విమర్శ గుర్తించిన వైరుధ్యానికి ఇది అదనపు పార్శ్వం.

4. సంభావనావిరహం, అప్రధానత అనే రసవిఘ్నాల వల్ల చిత్రంలో కరుణ పరిపుష్టం కాలేదు; అద్భుత, భయానకాలు పైచేయి సాధించాయి. ఇది చిత్రం గొప్పతనాన్ని రద్దు చేయదు. ఆ గొప్పతనం ఎక్కడ ఆగిందో చూపుతుంది.

5. అందువల్ల తరగతి గదిలో ఈ చిత్రాన్ని బోధించేటప్పుడు కుడివైపు కింది మూల నుండి మొదలుపెట్టడం ఉచితం. ముందు సంకెల కాలు, తరువాత ‘జోంగ్’ లెక్క, తరువాత ఓడ, చివరకు సూర్యుడు. టర్నర్ కాంతికి దీనివల్ల లోటు రాదు. ఆ కాంతి దేని మీద పడుతోందో మాత్రం విద్యార్థి మరచిపోడు.